పురుగుకు మందా, పురుగుకు పురుగా?

ఆగస్టు నెలాఖరున జగిత్యాల చుట్టుపక్కల ఏ ఊరి ఫర్టిలైజర్ షాపు ముందు నిలబడ్డా ఒకటే మాట వినిపిస్తుంది. "అన్నా, వరిల మొగి వడ్డది. గట్టి మందేమన్న ఉంటే ఇయ్యి."

నాట్లు పడి నెల రోజులు. చేను నల్లగా నిగనిగలాడుతుంటుంది. ఆ పచ్చదనం నడుమ అక్కడక్కడ ఎండిన మొవ్వు కనిపించగానే రైతుకు నిద్ర పట్టదు. దుక్కి, నారు, నాటు కూలి, ఎరువు, పెట్టుబడి అంతా అప్పటికే మడిలో ఉంది. ఆ వేళ "ముందు చూడు, తర్వాత కొట్టు" అని చెప్పడం తేలిక, వినడం కష్టం. అయినా ఆ మాట ఎందుకు చెప్పాల్సి వస్తుందో నిదానంగా విప్పి చెబితే రైతు తప్పక వింటాడని నా నమ్మకం.

కోరుట్లలో పసుపు వేసేవాళ్లూ, సిరిసిల్ల వైపు పత్తి వేసేవాళ్లూ అడిగేది ఇదే. రసాయన మందు మేలా? జీవ నియంత్రణ మేలా? ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తూచే ముందు, రెండూ ఎలా పనిచేస్తాయో తెలియాలి.

రసాయన మందు పురుగును ఎలా చంపుతుంది?

చాలా మందులు పురుగు నరాల మీద పనిచేస్తాయి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ ఒక కుటుంబం. ఒక నరం నుంచి ఇంకో నరానికి సంకేతం చేరాక, దాన్ని ఆపడానికి ఒంట్లో ఒక ఎంజైమ్ ఉంటుంది. ఈ మందులు ఆ ఎంజైమ్‌ను పట్టేస్తాయి. సంకేతం ఆగక, పురుగు వణికి వణికి చస్తుంది. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటివి నరాల్లోని ద్వారాలను మూసుకోనివ్వవు. కొత్త తరం మందుల్లో క్లోరాంట్రానిలిప్రోల్ కండరాల్లోని కాల్షియాన్ని అదుపు తప్పిస్తుంది. పురుగు నోరు కదపలేక తిండి మానేసి చస్తుంది.

దీని బలం తొందర. పొద్దున కొడితే సాయంత్రానికో మర్నాటికో ఫలితం కళ్లకు కనిపిస్తుంది. సీసాను నెలల తరబడి దాచుకోవచ్చు. ఒక్క మనిషి ఒక్క పూటలో ఎకరం కొట్టగలడు. పురుగు ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు ఈ తొందరే పంటను కాపాడుతుంది.

దీని బలహీనతా అందులోనే ఉంది. పాత మందుల్లో చాలావాటికి ఏది శత్రువో, ఏది మిత్రుడో తెలియదు. మొగి పురుగు నరం, సాలెపురుగు నరం, తేనెటీగ నరం వాటికి ఒకటే. మొదటి కుటుంబం మందులు పట్టేసే ఎంజైమ్ కొట్టే మనిషి ఒంట్లోనూ ఉంటుంది.

జీవ నియంత్రణ అంటే ఏమిటి?

ప్రతి పురుగునూ తినేది, దాని మీద బతికేది, దానికి జబ్బు తెచ్చేది ఏదో ఒకటి లోకంలో ఉంటుంది. ఆ శత్రువులను కాపాడుకోవడం, చాలనప్పుడు పెంచి వదలడం, అసలు లేనప్పుడు వెతికి తెచ్చుకోవడం జీవ నియంత్రణ.

సాలెపురుగులు, అక్షింతల పురుగులు, తూనీగలు నేరుగా పట్టి తింటాయి. ట్రైకోగ్రామా లాంటి అతి చిన్న కందిరీగలు పురుగు గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బ్యాక్టీరియా, ఎన్‌పీవీ అనే వైరస్, మెటారైజియం అనే శిలీంద్రం పురుగులకు జబ్బు తెస్తాయి. ట్రైకోడెర్మా అనే శిలీంద్రం తెగుళ్లు తెచ్చే శిలీంద్రాలను అణచివేస్తుంది. వేప గింజల కషాయం, లింగాకర్షక బుట్టలు వీటికి తోడు. వేపలోని అజాడిరక్టిన్ పురుగుకు తిండి మీద ఇష్టం పోగొడుతుంది, కుబుసం సరిగ్గా విడవనివ్వదు. ఎండకు అది తొందరగా పాడవుతుంది కనుక సాయంత్రం కొట్టమంటారు.

ఇందులో ముఖ్యమైనది, జీవ నియంత్రణ మనం మొదలుపెడితే మొదలయ్యే పని కాదు. మీ మడిలో అది ఇప్పటికే, పైసా ఖర్చు లేకుండా జరుగుతోంది. దాన్ని చూడాలంటే ఒక గొట్టం విప్పాలి.

ఉల్లికోడు గొట్టంలో ఏముంది?

వానాకాలం ఆలస్యంగా నాటిన వరిలో ఉల్లికోడు ఎక్కువ. దోమంత ఈగ, పొట్ట ఎర్రగా ఉంటుంది. దాని పిల్ల పురుగు పిలక మొదట్లోకి చేరి మొవ్వును గిల్లుతుంది. ఆకు రావలసిన చోట ఉల్లికాడలా వెండి రంగు గొట్టం వస్తుంది. ఆ పిలక ఇక ఈనదు.

గొట్టం కనిపించిన వెంటనే మందు కొడితే ఏమవుతుంది? పురుగు లోపల ఉంది, మందు పైన పడింది. గొట్టమైన పిలక ఎలాగూ తిరిగి రాదు.

మడిలో దిగి అలాంటి గొట్టాలు పది పీకండి. గోటితో మొదట్లో నిలువునా చీల్చండి. కొన్నిట్లో ఎర్రని పురుగో, బయటికి రావడానికి సిద్ధంగా ఉన్న కోశమో ఉంటుంది. కొన్నిట్లో మాత్రం పురుగు ఒళ్లు ఉబ్బి, లోపలంతా సన్నని గింజలు కుక్కినట్టు కనిపిస్తుంది. ఆ గింజలు ప్లాటీగాస్టర్ అనే చిన్న కందిరీగ పిల్లలు. తల్లి కందిరీగ ఉల్లికోడు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ఉల్లికోడు పురుగు పెరుగుతున్నకొద్దీ లోపల ఇదీ పెరుగుతుంది. ఒక్క గుడ్డు నుంచే చాలా పిల్లలు పుడతాయి. చివరికి ఒక్క ఉల్లికోడు పురుగులోంచి పదుల సంఖ్యలో కందిరీగలు బయటికి వచ్చి, చుట్టుపక్కల మడులలోని ఉల్లికోడు గుడ్లను వెతుక్కుంటూ పోతాయి.

మీరు చీల్చిన పదింటిలో నాలుగైదు ఇలా ఉంటే మీ మడిలో పని జరుగుతోందని అర్థం. ఆ రోజు ఘాటైన మందు కొడితే ఎగిరే కందిరీగలు పోతాయి, గొట్టంలో దాక్కున్న ఉల్లికోడు మిగులుతుంది. కందిరీగ పట్టిన గొట్టాలను ఏరి, నాటిన పది రోజులకు కొత్త మడిలో 10 చదరపు మీటర్లకు ఒకటి చొప్పున పెట్టమని వ్యవసాయ సిఫారసుల్లోనే ఉంది.

జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ సమస్యకు ఇంకో దారి చూపింది. ఉల్లికోడును తట్టుకునే వరి రకాలను తయారు చేసింది. జగిత్యాల సన్నాలుగా పేరుబడ్డ జేజీఎల్ 1798 అలాంటిదే. విత్తనంతోనే రక్షణ వస్తే, మందు కొట్టే అవసరమే తగ్గుతుంది. కానీ ఉల్లికోడు అంతటా ఒకే జాతి గుణంతో లేదు. జగిత్యాలలో ఉన్నదాన్ని శాస్త్రవేత్తలు మూడో బయోటైప్ అంటారు, వరంగల్‌లో ఉన్నది 4ఎం. ఒక చోట తట్టుకున్న రకం ఇంకో చోట తట్టుకోకపోవచ్చు. పక్క జిల్లా బంధువు చెప్పిన విత్తనం కంటే మీ ప్రాంత పరిశోధన స్థానం చెప్పిన విత్తనం మేలనడానికి కారణం ఇదే.

మందు కొట్టాకే సుడిదోమ ఎందుకు పెరుగుతుంది?

"రెండుసార్లు కొట్టిన, దోమ ఇంకా ఎక్కువైంది. మందు నకిలీదై ఉంటది" అని చాలామంది రైతులు అంటారు. మందు నకిలీది కాకపోయినా ఇలా జరగవచ్చు.

వరి రసం పీల్చే సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా ఉంటుంది. గుడ్లను ఆకు తొడిమలోకి గుచ్చి పెడుతుంది. పైనుంచి పడే మందు ఆ గుడ్లను తాకదు. మరి ఎవరిని తాకుతుంది? చేనంతా తిరిగే సాలెపురుగును తాకుతుంది. వరి పొలంలో తోడేలు సాలెపురుగు ఒక్కటి రోజుకు 5 నుంచి 15 దోమల దాకా తింటుంది. మిరిడ్ నల్లి అనే చిన్న పచ్చ పురుగు రోజుకు 7 నుంచి 10 దోమ గుడ్లను పీల్చేస్తుంది. కాపలావాళ్లు పోయిన వారం రోజులకు గుడ్లు పగిలి పిల్లదోమలు బయటికొస్తాయి. తినేవాళ్లు లేరు, తిండి నిండుగా ఉంది. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్ల వంటి కొన్ని మందులు తక్కువ మోతాదులో తగిలినప్పుడు, బతికిన దోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుంది. పైరిత్రాయిడ్లను సుడిదోమ మీద వాడవద్దనేది అందుకే.

ఇండోనేషియా ఈ పాఠాన్ని దేశమంతా నేర్చుకుంది. అక్కడ 1970లలో, 80లలో మందులు పెరిగినకొద్దీ సుడిదోమ విజృంభించింది. 1986లో ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగు మందులను నిషేధించి, రైతులకు పొలంలోనే పురుగులను గుర్తుపట్టడం నేర్పించే పని పెట్టుకుంది. మందుల వాడకం బాగా తగ్గింది. వరి దిగుబడి తగ్గలేదు.

మన మడిలో దీనికి ఖర్చులేని మొదటి పని నాటేటప్పుడే ఉంది. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలాలి. గాలి, వెలుతురు దుబ్బు మొదటికి తగిలితే దోమకు ఇబ్బంది. మందు తప్పనిసరైన రోజున అది మొదట్లోకి చేరడానికీ ఆ బాటే దారి. అప్పుడైనా పైమెట్రోజిన్ లాంటి, దోమ రసం పీల్చడాన్ని ఆపేసి సాలెపురుగులను ఎక్కువగా చంపని మందును ఎంచుకోవాలి.

ఎంత పురుగు ఉంటే మందు కొట్టాలి?

పురుగు కనిపించడం వేరు, నష్టం చేయడం వేరు. మందు ఖర్చు కంటే పురుగు వల్ల జరగబోయే నష్టం ఎక్కువయ్యే హద్దు ఒకటి ఉంటుంది. ఆ హద్దును లెక్కతోనే తెలుసుకోవాలి.

మడిలో ఐమూలగా నడుస్తూ అక్కడక్కడ 20 దుబ్బులు చూడండి. మొత్తం పిలకలెన్ని, చచ్చిన మొవ్వులెన్ని లెక్కపెట్టండి. వంద పిలకల్లో 5 మొవ్వులు చచ్చి ఉంటే మొగి పురుగుకు మందు గురించి ఆలోచించాలి. ఉల్లికోడుకు కూడా వందకు 5 గొట్టాలు. చదరపు మీటరుకు ఒక తల్లి రెక్కల పురుగు లేదా ఒక గుడ్ల కుప్ప కనిపించినా మొగికి హద్దు దాటినట్టే. సుడిదోమకు పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిన తర్వాత 20–25.

ఎకరాకు 3 లింగాకర్షక బుట్టలు పెడితే ముందే కబురు తెలుస్తుంది. ఆడపురుగు వాసన గల ఎరకు మగ రెక్కల పురుగులు వచ్చి పడతాయి. వారానికి ఒక్కో బుట్టలో 25–30 పడితే మొగి రాబోతోందని అర్థం. అదే మందుకైనా, ట్రైకోగ్రామా కందిరీగలను వదిలే ట్రైకో కార్డుకైనా సరైన అదను. పిల్ల పురుగు గుడ్డు నుంచి బయటికొచ్చి కాండంలోకి దూరేదాకా దొరికే వ్యవధి చాలా తక్కువ. తెల్లకంకి కనిపించాక కొట్టిన మందు ఆ కంకిని తిరిగి తేదు.

ఇంకో పాత పనిని మరవద్దు. మొగి తల్లి పురుగు నారు ఆకు కొసన గుడ్లు పెట్టి, తన ఒంటి మీది గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. నాటే ముందు నారు కొసలు తుంచితే ఆ గుడ్లు గట్టు మీదే పోతాయి. నాటే ఆడవాళ్ల చేతుల్లో ఉన్న ఈ పని ఒక సీసా మందుకు సమానం.

ట్రైకో కార్డు ఎలా కట్టాలి?

చేతిలోకి ఒక కార్డు తీసుకుంటే గరుకు కాగితంలా ఉంటుంది. దగ్గరగా చూస్తే దాని నిండా ఆవగింజ కంటే ఎంతో చిన్న గుడ్లు అతికించి ఉంటాయి. అవి నిల్వ బియ్యంలో పట్టే రెక్కల పురుగు గుడ్లు. ఒక్కో గుడ్డులో ఒక ట్రైకోగ్రామా పెరుగుతూ ఉంటుంది. దాంతో గుడ్డు నల్లబడుతుంది. ఒక్కో కార్డులో సుమారు 20,000 గుడ్లు ఉంటాయి. వరికి ఎకరాకు 2 కార్డులు. మొగి పురుగుకు ట్రైకోగ్రామా జపానికం, ఆకుముడతకు ట్రైకోగ్రామా కిలోనిస్.

కార్డును ముక్కలుగా కత్తిరించి, పొద్దు పొడుస్తున్నప్పుడో పొద్దు గూకే ముందో, చేనంతా ఆకుల అడుగున పిన్ను కొట్టాలి. ఎండ తగలకూడదు, వాన తడపకూడదు. రెక్కల పురుగులు కనిపించడం మొదలైనప్పటి నుంచి వారానికోసారి, నాలుగైదు సార్లు. ఆ రోజుల్లో పురుగు మందు కొట్టకూడదు. ట్రైకోగ్రామా గుడ్డును మాత్రమే చంపుతుంది. కాండంలోకి దూరిన పురుగును అది ఏమీ చేయలేదు. కనుక ఆలస్యంగా కట్టిన కార్డు, తెల్లకంకి మీద కొట్టిన మందుతో సమానం.

పసుపు దుంపకుళ్లుకు ఏది ముందు?

కోరుట్ల, మెట్‌పల్లి పసుపు చేలల్లో దుంపకుళ్లు మొదలైతే నిలబెట్టడం కష్టం. జబ్బు భూమిలో ఉంటుంది. నీళ్లు నిలిచిన చోట ఎక్కువవుతుంది. ఆకులు పసుపెక్కాక మొదళ్లలో మందు పోస్తే పాకడం కొంత ఆగుతుంది, కుళ్లిన దుంప బాగుపడదు. ఇక్కడ జీవ పద్ధతి ముందు రావాలి.

2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో కుప్ప పోసి, తడి ఆరకుండా గోనెసంచులు కప్పాలి. వారం పది రోజులకు కుప్ప మీద తెలుపు, ఆకుపచ్చ బూజు పడుతుంది. కుప్ప చెడిపోయిందని పారబోయకండి. శిలీంద్రం పెరిగిందనడానికి అదే గుర్తు. తేమ ఉన్నప్పుడు ఆ ఎరువును సాళ్లలో వేయాలి. దానితోపాటు శిలీంద్ర నాశిని కలపకూడదు. ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే కనుక ఆ మందు దాన్నీ చంపుతుంది. నీళ్లు పోయే కాలువలు తీయకుండా ఇవన్నీ చేసినా ఫలితం ఉండదు.

పసుపు విదేశాలకూ పోయే పంట. కొనేవాళ్లు రంగుతోపాటు మందు అవశేషాలనూ చూస్తారు. జీవ పద్ధతి ఇక్కడ ఆరోగ్యానికీ ధరకూ సంబంధించిన మాట.

జీవ సంబంధమైనదైతే పురుగు అలవాటు పడదా?

పడుతుంది. సిరిసిల్ల వైపు పత్తి చేలలో గులాబీ రంగు పురుగే సాక్ష్యం. మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలోని బాసిల్లస్ తురింజెన్సిస్ తయారుచేసే విషాన్ని మొక్కే తయారు చేసుకుంటుంది. 2006లో రెండు విషాలున్న రకం వచ్చింది. శనగపచ్చ పురుగుకు అది బాగా పనిచేసింది. గులాబీ రంగు పురుగు మాత్రం కొన్నేళ్లకే రెండింటికీ తట్టుకుంది. కారణం, రోజూ, ప్రతి మొక్కలో, ప్రతి ఎకరంలో అదే విషం ఉండటం. తట్టుకునే గుణమున్న కొన్ని పురుగులే బతికి, వాటి సంతానమే మిగిలింది. చుట్టూ బీటీ కాని పత్తి వరుసలు వేయమన్నది ఇలా జరగకుండా ఉండటానికే. వాటిని వేసినవాళ్లు తక్కువ.

రసాయన మందుకూ ఇదే సూత్రం. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే పురుగు తట్టుకుంటుంది. ఇక్కడ జీవ, రసాయన తేడా లేదు. పత్తిలో పురుగు దూరి విచ్చుకోని గుడ్డిపూలు ఏరడం, బుట్టలో వరుసగా 3 రోజులు రోజుకు 8 చొప్పున మగ పురుగులు పడితేనే మందు ఆలోచించడం, డిసెంబరు దాటి పంటను పొడిగించకుండా కట్టె పీకేయడం, ఇవి పురుగు సంసారానికి అడ్డం పడే పనులు.

పరాయి పురుగు వస్తే?

2018లో కర్ణాటకలో మొదట కనిపించిన కత్తెర పురుగు తొందరగానే మన మక్క చేలకూ వచ్చింది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన పురుగుకు ఇక్కడ తగిన శత్రువులు మొదట్లో తక్కువ. అలాంటప్పుడు రసాయన మందు అవసరం నిజమే. సుడిలోకి దిగేలా, పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి. క్రమంగా ఇక్కడి కందిరీగలు, శిలీంద్రాలు దాన్ని పట్టడం మొదలుపెట్టాయి.

బొప్పాయి పిండినల్లి కథ ఇంకా బాగుంటుంది. అది దక్షిణాది తోటలను ముంచేస్తుంటే ఏ మందూ నిలవలేదు. పిండి పూత మందును లోపలికి పోనివ్వదు. 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసెరోఫేగస్ పపాయే అనే చిన్న కందిరీగను తెప్పించి వదిలారు. కొన్ని నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది.

జీవ మందు కొందరికి ఎందుకు పనిచేయదు?

చాలాసార్లు అది చేరేసరికే చచ్చిపోయి ఉంటుంది. ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలని ప్రమాణం. ఎండలో మగ్గిన గోదాములో ఆ లెక్క పడిపోతుంది. తయారైన తేదీ, గడువు చూడకుండా కొంటే మట్టి కొన్నట్టే. గాలిలో తేమ లేకపోతే శిలీంద్రం మొలవదు. ఎండవేళ కొట్టిన ఎన్‌పీవీ వెలుతురుకు చస్తుంది. ఒక్క రైతు కార్డులు కట్టి, చుట్టూ నలుగురు ఘాటైన మందు కొడితే కందిరీగలు నిలవవు. అందుకే ఇది ఊరంతా కలిసి చేసినప్పుడు బాగా పండే పని. ఖమ్మం వైపు పునుకుల గ్రామం అప్పుల మీద అప్పులు చేసి పత్తికి మందులు కొట్టిన ఊరు. 2000ల తొలినాళ్లలో ఆ ఊరు కలిసికట్టుగా వేప కషాయాలు, బుట్టలు, ఎర పంటల బాట పట్టి పురుగు మందులు మానేసింది.

కొట్టే మనిషి మాటేమిటి?

2017లో మహారాష్ట్ర యవత్‌మాల్‌లో పత్తికి మందులు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. ఆ చేలూ మన చేల లాంటివే. సీసా మీద ముక్కోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. రెండు మూడు మందులు కలిపి కొట్టవద్దు. గాలికి ఎదురు నడవవద్దు. తల తిరిగినా, చెమటలు పట్టినా, చొంగ కారినా బట్టలు విప్పి సబ్బుతో కడిగి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలడు.

మరి ఏది మేలు?

ముందు తట్టుకునే విత్తనం, కొసలు తుంచిన నారు, కాలిబాటలు. తర్వాత బుట్టలు, కార్డులు, వేప కషాయం, ట్రైకోడెర్మా. ఇవన్నీ ఉన్నా హద్దు దాటిన రోజున, దాటిన మడిలోనే, మిత్రపురుగులను తక్కువగా చంపే రసాయన మందు. ఈ వరుస తిరగబడితే మొదటి స్ప్రేతోనే కాపలావాళ్లు పోతారు. ఆ తర్వాత ప్రతి స్ప్రే ముందటి స్ప్రే చేసిన నష్టాన్ని పూడ్చడానికే సరిపోతుంది.

రేపు పొద్దున షాపుకు పోయే ముందు ఒక్క గంట మడిలో దిగండి. 20 దుబ్బులు లెక్కపెట్టండి. పది గొట్టాలు చీల్చండి. అప్పుడు షాపులో మీరు అడిగే మాట మారుతుంది. "అన్నా, వందకు రెండే మొవ్వులు చచ్చినయి, గొట్టాలల్ల సగం కందిరీగనే ఉన్నది. ఇయాల మందు వద్దు. ఎకరానికి మూడు బుట్టలు, ఎరలు ఇయ్యి."